ఆకుపచ్చ సోఫా, కిటికీలు మూసిన హాలు

బాగా కుదిరిన హాళ్ల గురించి రాయమంటే నేను రాయలేను. ముప్పై ఏళ్లలో ఎన్ని ఇళ్లు సర్దానో లెక్క లేదు. వాటిలో అందంగా వచ్చినవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఏది ఎవరి ఇల్లో కూడా తేల్చుకోలేను. తప్పు చేసిన ఇల్లు మాత్రం గుమ్మంతో సహా గుర్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇద్దరు మొన్న సంగారెడ్డిలో మా ఇంటికొచ్చి, "మేడం, మీరు చేసిన మంచి డిజైన్లు చూపించండి" అని అడిగారు. టీ ఇచ్చి పంపించాను. వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

సేటు నేర్పింది

నేను ఏ కాలేజీలోనూ ఈ పని నేర్చుకోలేదు. ఇంటర్ తర్వాత సంగారెడ్డి బజారులో కర్టెన్ల బట్ట అమ్మే దుకాణంలో చేరాను. మా యజమానిది తాతల నాటి నుంచి వ్యాపారం చేస్తున్న కుటుంబం. అందరం ఆయన్ను సేటు అనేవాళ్లం. మంచి మనిషి. పండక్కి చీర పెట్టేవాడు, ఆడపిల్లలం చీకటి పడకముందే ఇంటికి పోవాలని తొందర పెట్టేవాడు. నాకు ఈ వృత్తి సూత్రం ఒక్క ముక్కలో నేర్పిందీ ఆయనే.

"కొనేటోనికి భయముంటది బిడ్డా. రంగు తప్పుతదేమో, ఇంట్ల తిడ్తరేమో అని పరేషాన్ అయితుంటడు. నువ్వేం ఆలోచించకు. సోఫా ఏ రంగున్నదో చూడు. గదే రంగు గోడకు లేతగ చెప్పు, పర్దాకు ముదురు చెప్పు. ఎవ్వడు ఏమనడు."

నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. నీలం సోఫా ఉంటే నీలం గోడలు, ఎరుపు ఉంటే గులాబి గోడలు. ఇప్పుడు ఆలోచిస్తే అది ఇల్లు బాగుండడానికి చెప్పిన సూత్రం కాదు. మనం తిట్లు తినకుండా ఉండడానికి చెప్పింది, పనిలో పని ఇంకో నాలుగు మీటర్ల బట్ట అమ్ముడుపోవడానికి చెప్పింది. సేటును తప్పు పట్టను. ఆయన దుకాణం ఆయన నడుపుకున్నాడు. బయటికొచ్చి సొంతంగా ఇళ్లు చేస్తున్న పదిహేనేళ్లూ అదే పట్టుకు వేలాడింది నేను.

ఎందుకంటే నేను భయస్తురాలిని. ఇది దాచి లాభం లేదు. ఏ ఇల్లు అప్పగించే రోజైనా తెల్లవారకముందే లేచి కొలతల కాగితం మళ్లీ మళ్లీ చూసుకునేదాన్ని. బస్సెక్కాక కూడా కర్టెన్ ఒక వేలు పొడుగైందేమో, రాడ్డు వంకరపోయిందేమో అని పీకులాట. ఇంటివాళ్ల మొహం చూసి, వాళ్లు నవ్వాక గానీ మంచినీళ్లు గొంతు దిగేవి కావు. అంత భయపడే మనిషి జాగ్రత్తగా ఉంటుందని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. భయపడేవాళ్లు తమ గురించే భయపడతారు, అందుకని ఎదుటివాళ్లను చూడరు. ఇది తెలిసేసరికి నాకు యాభై దాటింది.

ఆదివారం పొద్దున

గుమ్మడిదల మండలంలో ఒక ఊరి నుంచి నర్సింలు అనే ఆయన ఫోన్ చేశాడు. మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. కొంచెం పొలం కూడా ఉంది. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. ఆయన భార్య మంజుల పటాన్‌చెరులో ఒక సోఫా చూసి, దాని మీద కూర్చుని ఇక లేవనందట. ఆకుపచ్చ సోఫా. అది ఇంటికి వచ్చిన వారానికే ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. సంగారెడ్డిలో ఆపరేషన్ చేసి గడ్డ తీసి పరీక్షకు పంపారు.

"ఆమె మనసంత ఆ సోఫా మీదనే ఉన్నది మేడం," అన్నాడు. "దవఖానల పండుకొని గూడ హాలు ఏమాయె అని అడుగుతది. ఆమె ఇంటికి వచ్చేవరకు హాలు మంచిగ చేసియ్యాలె. జెర జల్దీ చెయ్యిర్రి."

షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లకు నేను ఎప్పుడూ ఆదివారం పొద్దునే పోయేదాన్ని. మొగుడూ పెళ్లాం ఇద్దరూ దొరికేది అప్పుడే. అలాగే పోయాను. ఇల్లు కడిగి ఉంది. హాల్లో రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. గాలీ వెలుతురూ ధారాళంగా వస్తున్నాయి. మధ్యలో సోఫా, ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా. ముదిరిన చిక్కుడాకు రంగు. నిజంగా అందంగా ఉంది. మంజుల కన్ను మంచిది.

"ఏ రంగు గోడలు కావాలని ఆమె ఏమన్నా చెప్పిందా?" అని అడిగాను.

"ఏం చెప్పలే మేడం. మీకే ఎర్క. మీరే చూడుర్రి."

 ఆసుపత్రిలో ఉన్న మనిషి మనసులో ఏముందో తెలియకుండా ఆమె ఇల్లు చేయాలి. సంగారెడ్డిలోనే ఉంది ఆమె. మా ఇంటి నుంచి ఆటోలో పోయి పక్కన కూర్చుని అడిగితే గంట పని. రోగిని ఇబ్బంది పెట్టడం ఎందుకని పోలేదని అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఆమె నాకు తెలియని రంగేదో చెబుతుందేమోనని భయం. సేటు సూత్రం చేతిలో ఉంటే ఎవరినీ అడిగే పని లేదు.

అప్పుడు అడగనిది ఇంకొకటి ఉంది. ఆ కిటికీలు ఎందుకు తెరిచారని. సంగారెడ్డి నుంచి మేడం వస్తుందని, మర్యాద కోసం, పొద్దున్నే తెరిచారు. మామూలుగా తెరవరు. సాయంత్రమైతే ఫ్యాక్టరీల వాసన ఊరి మీదికి దిగుతుంది, అందరూ తలుపులు కిటికీలు బిగించుకుంటారు. చాలా ఇళ్లలో పగలు కూడా అంతే. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియని సంగతి కాదు. కానీ తెరిచిన కిటికీ ముందర నిలబడితే మూసిన కిటికీ గుర్తురాలేదు.

రంగులు వేసేది మున్నా. బీహార్ మనిషి, ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటాడు. డబ్బాలు దించి, రంగుల కాగితం చూసి తల గోక్కున్నాడు. "మేడం, సబ్ హరా? థోడా జ్యాదా హో జాయేగా." అంతా ఆకుపచ్చేనా, కొంచెం ఎక్కువైపోతుందేమో అని. "తుమ్ లగావ్, మై దేఖ్ లూంగీ" అన్నాను విసుగ్గా. నువ్వు వెయ్, నేను చూసుకుంటాలే అని. ఇరవై ఏళ్లుగా గోడల ముందు నిలబడే మనిషి మాట అది. పనివాళ్లు అలా తల గోక్కున్నప్పుడు ఆగండి, అమ్మాయిలూ. వాళ్లు రెండోసారి చెప్పరు.

తొమ్మిది రోజుల్లో అయిపోయింది. లేత ఆకుపచ్చ గోడలు. ముదురు ఆకుపచ్చ కర్టెన్లు, వెనక మందపాటి అస్తరు. కింద ఆకుపచ్చ తివాచీ. సోఫాకు ఎదురుగా పెద్ద అద్దం. పైన నర్సింలు ముందే బిగించుకున్న తెల్లటి ట్యూబులు రెండు. అప్పగించింది పట్టపగలు. నర్సింలు చుట్టూ చూసి, "తోటల కూసున్నట్టుంది మేడం" అన్నాడు. నా గొంతులో మంచినీళ్లు దిగాయి.

పలకరింపులు

మంజుల ఇంటికొచ్చింది. గడ్డలో ఏమీ లేదని రిపోర్టు కూడా వచ్చింది. ఇక పలకరింపులు మొదలయ్యాయి. మా వైపు ఎవరైనా దవాఖాన నుంచి వస్తే ఊరంతా చూడడానికి పోవాలి. ఒక బ్రెడ్డు ప్యాకెట్టో, నాలుగు బత్తాయిలో పట్టుకుని. పోకపోతే మాట పడాలి. ఫ్యాక్టరీ పనులున్నవాళ్లు కాబట్టి అందరూ జనరల్ షిఫ్ట్ విడిచాక సాయంత్రం ఆరింటికి, ఏడింటికి వస్తారు. నర్సింలు గొప్పగా కొత్త సోఫా మీద భార్యను కూర్చోబెట్టి, కర్టెన్లు వేసి, ట్యూబులు రెండూ వెలిగించేవాడు.

రెండు వారాల తర్వాత ఒక గురువారం, కర్టెన్ రాడ్డు ఊడిందని ఫోన్ చేస్తే సాయంత్రం పోయాను. ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మంజులను అదే మొదటిసారి చూడడం.  ముప్పై నాలుగేళ్ల మనిషి. మొహం మట్టి పూసినట్టు ఉంది. కళ్ల కింద నల్లటి గుంటలు, పెదవులకు రంగే లేదు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఏందే మంజులా, గిట్లైనవ్? ముఖంల సుక్క రక్తం లేదు గదనే!"

ఇంకొకావిడ నర్సింలు వైపు తిరిగింది. "ఊకె ఇంట్ల వెట్టుకున్నవేంది? పట్నం పెద్ద దవఖానకు తీస్కపో. ఈ వాసనలకు ఎవ్వరికి ఏం వస్తదో ఎవ్వరికెర్క?"

"రిపోర్టు మంచిగొచ్చిందత్తా," అన్నాడు నర్సింలు. ఆ మాట ఎన్నోసారి చెబుతున్నాడో పాపం, గొంతులో సత్తువ లేదు. మంజుల ఆయన వైపు చూడలేదు. వచ్చినవాళ్ల మొహాలే చూస్తోంది, ఒకరి తర్వాత ఒకరివి.

వాళ్లు పోయాక, నేను స్టూలు మీంచి దిగి మంచినీళ్లు అడిగితే వంటింట్లోకి తీసుకుపోయింది. అక్కడ పాత పసుపు బల్బు ఒకటి వెలుగుతోంది. గ్లాసు చేతికిచ్చి, నా చెయ్యి వదల్లేదు.

"అక్కా, నువ్వు బయటిదానివి. నాకు అబద్ధం చెప్పే అవసరం నీకు లేదు. నేను బతుకుతనా?"

"అదేం మాట మంజులా?"

"ఆయన దాస్తుండు. డాక్టర్‌తోని మాట్లాడి నాకు దాస్తుండు. మొన్న మళ్ల రక్తం పరీక్ష చేయించిండు, మంచిగుందన్నరు. మంచిగుంటే ఊరంత గట్లెందుకంటరు? ఒక్కలు కాదు ఇద్దరు కాదు. నాకూ అద్దంల కనవడుతనే ఉన్నది గదా. బువ్వ గొంతు దిగుతలేదక్కా."

నేను ఆమె మొహంలోకి చూశాను. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. మామూలు మొహం. చిక్కింది, ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి. కానీ చామనఛాయ చామనఛాయలాగే ఉంది, పెదవులు పెదవుల రంగులోనే ఉన్నాయి. ఇందాక హాల్లో చూసిన మనిషి కాదు.

సంచీ తీసుకోవడానికి హాల్లోకి వచ్చి, నేనే తగిలించిన అద్దంలో చూసుకున్నాను. నా మొహం శవంలా ఉంది. మట్టి రంగు, కళ్ల కింద గుంటలు. నాకు ఏ గడ్డా లేదు, ఏ ఆపరేషనూ కాలేదు. తెల్లటి వెలుతురు నాలుగు ఆకుపచ్చ గోడలకూ కర్టెన్లకూ కొట్టుకుని, అక్కడ కూర్చున్న ప్రతి మొహం మీదా పడుతోంది. వచ్చినవాళ్ల మొహాలూ అలాగే ఉండి ఉంటాయి, కానీ పలకరించడానికి వచ్చినవాళ్లు రోగి మొహమే కదా చూసేది.

అప్పుడు చెప్పొచ్చు. నాలుగు మాటలు. "నీకేం కాలేదు మంజులా, నేను వేయించిన రంగు అది." నాలుక మీదికి వచ్చింది కూడా. "ఏం కాదు, మంచిగనే ఉన్నవ్, ధైర్యంగ ఉండు" అని ఊరంతా చెప్పే మాటే నేనూ చెప్పి, చెప్పులేసుకుని బయటపడ్డాను.

గురువారం నుంచి సోమవారం దాకా

ఈ నాలుగు రోజుల గురించే అసలు ఈ రాతంతా.

శుక్రవారం పొద్దున నాకు నేను చెప్పుకున్నది: ముందు ఖాయం చేసుకోవాలి, తొందరపడి చెబితే నవ్వులపాలవుతాను. అబద్ధం. నాకు గురువారమే ఖాయంగా తెలుసు. శనివారం చెప్పుకున్నది: ట్యూబులు మార్చేస్తే సగం సర్దుకుంటుంది, ఏదో వంక పెట్టి సోమవారం పోయి మార్చేస్తాను, ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని లేదు. పసుపు వెలుతురు బల్బులు కొని తెచ్చుకున్నాను కూడా. ఆదివారం చెప్పుకున్నది: ఆమె ఆరోగ్యం నిజానికి బాగానే ఉంది కదా, నాలుగు రోజుల్లో కొంప మునిగేది ఏముంది?

నిజం ఏమిటంటే, నర్సింలు వాళ్ల వీధిలోనే ఇంకో రెండు ఇళ్లవాళ్లు నన్ను రమ్మన్నారు. "నర్సింలు హాలు చేసిన మేడం" అని పేరొచ్చింది. ఆ పేరు పోతుందని నా ఏడుపు. నాలుగు రోజులూ అన్నం సహించలేదు. అంత బాధపడుతున్నాను కాబట్టి నేను మంచిదాన్నే అనిపించింది. ఛీ, ఎంత సిగ్గుమాలిన ఆలోచన. నా బాధ వల్ల ఆమెకు ఒక్క ముద్ద కూడా లోపలికి పోలేదు.

సోమవారం

మధ్యాహ్నం పోయాను. నర్సింలు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. మంజుల వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. అలమారలో డబ్బాలన్నిటికీ తెల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. పిల్లల చేతిరాత. కందిపప్పు. శనగపప్పు. ఆవాలు. ధనియాలు.

"ఇవేంటి?" అన్నాను.

"నా బిడ్డతోని రాయించిన. అక్షిత. నాలుగో తరగతి సదువుతుంది. ఆయనకు కందిపప్పుకు శనగపప్పుకు ఫరక్ ఎర్కలేదు. రేపు ఎట్ల వండుకుంటరు వీళ్లిద్దరు?"

చేతిలో బల్బుల సంచీ పట్టుకుని వంక వెతుక్కుంటున్నదాన్ని. ఆ కాగితాలు చూశాక ఏ వంకా నోట్లోంచి రాలేదు. ఆమె చెయ్యి పట్టి హాల్లోకి లాక్కుపోయాను. కిటికీలు మూశాను. కర్టెన్లు లాగాను. ట్యూబులు వేశాను. నా సంచీలోంచి చేతి అద్దం తీసి ఇచ్చాను.

"చూస్కో."

"ఏం చూస్కోవాలక్కా, రోజు చూస్తున్న గదా."

"చూడు. మంచిగ చూడు. ఇప్పుడు రా." పెరట్లోకి తీసుకుపోయి ఎండలో నిలబెట్టాను. "ఇప్పుడు చూస్కో."

చాలాసేపు చూసుకుంది. నా వైపు చూసింది. మళ్లీ హాల్లోకి పోయి, సోఫా మీద కూర్చుని అద్దం చూసుకుంది. మళ్లీ పెరట్లోకి వచ్చింది. అలా మూడుసార్లు తిరిగింది. మూడోసారి పెరట్లో అద్దం ఒళ్లో పెట్టుకుని నీళ్ల తొట్టి గట్టు మీద కూలబడింది.

"గోడలు చేసిన పని మంజులా. నేను చేసిన పని. నీకు ఏ రోగం లేదు. మీ ఆయన చెప్పింది నిజం."

అప్పుడే నర్సింలు వచ్చాడు. జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన టిఫిన్ సంచీ కింద పెట్టి భార్య దగ్గరికి పోయాడు. "నేను చెప్పలేదా? నేను చెప్తె నమ్మలే," అని మాత్రం అన్నాడు. అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంజుల ఏడవలేదు. నన్నే చూస్తోంది.

"నీకెప్పుడు ఎర్కైందక్కా?"

ఇవాళే అనొచ్చు. ఎవరూ కాదనరు. 

"గురువారం. మీ వంటింట్ల నీళ్లు తాగినప్పుడే."

"గురువారం," అంది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "శనివారం నాడు నా బిడ్డను పక్కన కూసుండవెట్టుకొని చెప్పిన. అమ్మ ఉండదేమో బిడ్డా, నాయినను నువ్వే సూసుకోవాలె, ఏడ్వొద్దు అని చెప్పిన. గురువారమే నువ్వొక్క మాటంటే, నేను నా బిడ్డకు ఆ మాట చెప్పకపోదును గదక్కా."

 

ఆ తర్వాత

గోడలు మళ్లీ వేయించాను. ఈసారి రంగు మంజులే చెప్పింది, ముడిబియ్యం రంగు. కర్టెన్లు తీసేసి పల్చటి గోధుమ రంగువి కుట్టించాను. ట్యూబులు మార్చాను. "సోఫా జోలికి మాత్రం పోకు" అంది మంజుల. అది అక్కడే ఉంది. మున్నా రెండు రోజుల్లో పని ముగించాడు. ఈసారి ఏమీ అనలేదు, నేనే అడిగి చెప్పించుకున్నాను. అదే వారం పలకరించడానికి వచ్చినావిడ "ఇప్పుడు ముఖం తేటగైందే" అందట. ఆ వీధిలో మిగతా రెండు ఇళ్లూ నాకు రాలేదు. ఏడ్చి ఏం లాభం, రాకపోవడమే న్యాయం.

మీకు చెప్పాల్సింది మూడు ముక్కలే. ఏ ఇంటికైనా ఆ ఇంటివాళ్లు కూర్చునే వేళకు పొండి, వాళ్లు ఉంచుకున్నట్టే ఉంచిన కిటికీలతో చూడండి. గోడను చూసి మురిసిపోకండి, గోడ ముందు మనిషిని కూర్చోబెట్టి ఆ మొహం చూడండి. తప్పు చేస్తారు, అందరం చేస్తాం. తెలిసిన నిమిషమే చెప్పేయండి. రంగు తప్పితే రంగు మార్చొచ్చు.

కొత్త కర్టెన్లు తగిలించడానికి పోయిన రోజు పొద్దున ఎనిమిదిన్నర. బడికి వేళైంది. మంజుల స్నానానికి పోయింది. అక్షిత రెండు జడలతో, వీపు మీద బ్యాగుతో స్నానాల గది తలుపు ముందు నిలబడి ఉంది. బయట ఆటో హారన్ కొడుతున్నా కదలడం లేదు. నేను స్టూలు మీద ఉన్నాను.

"అమ్మా," అని పిలిచింది.

"ఉన్న బిడ్డా," లోపలి నుంచి.

 నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా!"

"ఉన్ననే, నువ్వు పో, ఆటో వచ్చింది."

ఆ పిల్ల పోలేదు. బ్యాగు దింపి, తలుపుకు చెవి ఆనించి నిలబడింది. తర్వాతెప్పుడో ఫోన్ చేస్తే మంజుల చెప్పింది, నెల దాటినా అలాగే చేస్తోందని.